వెనక బండికి డ్రైవరెవరు?

మా ఏజెన్సీలో పాత జీపులూ, నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ బండ్లూ ఉన్నవాళ్ళు ఈమధ్య నా పేరెత్తితే మెటికలు విరుస్తున్నారు. విరవనివ్వండి. వాళ్ళ బండ్లకొచ్చిన కష్టం నా వల్లనే వచ్చింది. నేను ఒక అర్జీ పెట్టాను. అంతే. దొంగతనం చెయ్యలేదు, ఎవరి కొంపకీ నిప్పు పెట్టలేదు. అర్జీ పెట్టాను.

నా పేరు నూకరత్నం. ఏడో తరగతి పాసయ్యాను. ఎనిమిదిలో ఉండగా బడికెళ్ళే దారిలో గెడ్డ పొంగుతుందేమోనని భయపడి మానేశాను. ఆ ఏడు గెడ్డ పొంగలేదు. ఆ తర్వాత ఏడూ పొంగలేదు. పొంగి ఉంటే?

మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన గురించి భయపడ్డాను. ఆయన జ్వరమొచ్చి పోయాక ఆ వాటా భయం కూడా మా అమ్మాయి వరహాలు మీదకి మళ్ళింది. ఒక్కగానొక్క పిల్ల. అది టీచరవుతుందనుకున్నాను. బండి తోలుతానంది. అదీ ఎలాంటి బండి! మిలట్రీవాళ్ళు వాడి వాడి వేలంలో వదిలేస్తే, ముగ్గురి చేతులు మారి దీని చేతికొచ్చిన పికప్. దీని కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. కొండ మీద ఆరు ఊళ్ళున్నాయి. అక్కడి కాఫీ పళ్ళూ, మిరియాలూ, అల్లం సంతకి దించాలంటే ఆ రాళ్ళదారిలో ఇంకే బండీ ఎక్కదు. ఇది ఎక్కుతుంది. దీనికి వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి.

రోజూ పొద్దున్నే అది బయల్దేరే ముందు నేను చీర దోపుకుని బండి కింద తొంగిచూస్తాను. పాముందా, నూనె కారుతోందా, ఏదైనా వేలాడుతోందా అని. అలా చూస్తుండగానే ఒకనాడు నా కంటపడింది. బండి కింద ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, ఇనప కుండల్లాంటి గుండ్లు రెండున్నాయి. డిఫరెన్షియల్ అంటారట. ఇంజను తిప్పే తిప్పుడుని కుడి చక్రానికెంత, ఎడమ చక్రానికెంత అని పంచేది అదేనట. వెనక గుండు ఇరుసుకి నట్టనడుమ ఉంది. ముందు గుండు మాత్రం నడుమ లేదు. కుడి చక్రం వైపుకి జరిగిపోయి ఉంది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మీ! ముందు గుండు పక్కకి జారిపోయిందే!"

"జారలేదమ్మా. దాని తయారే అంత. నడుమ పెడితే ఇంజను అడ్డొస్తదని పక్కకి పెట్టారు."

"ఎవలు పెట్టారు?"

"కంపెనీవోళ్ళు."

"వాళ్ళొచ్చి నీకు చెప్పారేటి?"

"ఓలమ్మో! నీ గుండెకాయ కూడా నడుమ లేదు, ఎడం పక్కకి ఉంది. జారిపోయిందని ఆస్పత్రికెళ్ళావా?"

వెళ్ళాను. రెండుసార్లు. దానికి చెప్పలేదు.

సంత దగ్గర షెడ్డు పెట్టుకున్న ఖాసిం మేస్త్రిని అడిగాను. ఆ బండిని విప్పి బిగించడం ఆయనకొక్కడికే తెలుసు. బీడీ ఆర్పి నవ్వాడు. "అక్కా, ఆ గుండు ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా జారుతోందన్నమాట అనుకున్నాను. ఇంటికొచ్చేశాను.

సోమవారాలు మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు. వరహాలుకి చెప్పకుండా వెళ్ళాను. తెల్ల కాగితం మీద సొంత దస్తూరీతో రాశాను. "అయ్యా, నా కూతురు తోలే బండికి ముందు ఇరుసు గుండు పక్కకి జరిగి యున్నది. తమరు దయతో అది ఏ ఇరుసో, ఏ గుండో గుర్తించి నా భయము తీర్చగలరని ప్రార్థన." కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నా అర్జీ రెండుసార్లు చదివింది. మెషీన్లో రోడ్డు, నీరు, పింఛను, ఇల్లు అని ఉన్నాయట, గుండు లేదట. కాసేపు ఆలోచించి "సమస్య: భయం. శాఖ: ఇతరములు" అని కొట్టి రసీదిచ్చింది.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. మనిషి కాదు, రికార్డు. "మీ అర్జీ పరిష్కరించబడినది. మీరు సంతృప్తి చెందినచో ఒకటి నొక్కండి. చెందనిచో రెండు నొక్కండి."

ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు. గుండు పక్కకే ఉంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. రెండు నొక్కాను.

మర్నాడు మా గుమ్మంలో ప్రభుత్వ జీపు ఆగింది. ముందు సీట్లోంచి ప్రత్యేకాధికారి దక్షిణామూర్తి గారు దిగారు. వెనక నుంచి ముగ్గురు గుమాస్తాలు, ఒక జాకీల పెట్టె దిగాయి. అదృష్టం కొద్దీ, వరహాలు ఖాసిం మేస్త్రి చేత బ్రేకులు చూపిస్తూ బండిని ఇంటి ముందే ఉంచింది.

"అమ్మా, అర్జీదారు తామేనా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

నేను వరహాలు కేసి చూడకుండా తలూపాను.

"తమ అసంతృప్తి జిల్లా సమీక్షలో ఎర్రగా కనబడుచున్నది."

"ఎర్రగానా బాబూ?"

"ముదురు ఎరుపు. భయమునకు కారణభూతమైన వస్తువును శాస్త్రీయముగా గుర్తించనిదే భయమును పరిష్కరించజాలము. ప్రారంభించండి."

వరహాలు నన్ను చూసిన చూపుంది చూశారూ, అది ఏ రికార్డు ఫోనులోనూ నొక్కడానికి అంకె లేని చూపు.

ప్రారంభించారు. గుండు కప్పుకి ఒక బోల్టు కింద చిన్న రేకుముక్క ఉంటుందట, దాని మీద లోపలి పళ్ళ లెక్క ఉంటుందట. గోకి చూస్తే తుప్పు తప్ప ఏమీ లేదు. "రేకు లభ్యము కాలేదు" అని రాసుకున్నారు. అయితే చక్రం మీద ఒక సుద్దగీత, గుండుకి తిప్పుడు తెచ్చే పొడుగు గొట్టం మీద ఒక సుద్దగీత గీసి, చక్రం ఒక చుట్టు తిప్పితే గొట్టం ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాలట. ముందూ వెనకా ఒకే లెక్క రావాలి. రెండు ఇరుసులూ ఒకే వరసవని అప్పుడే గుర్తింపు.

ముందు రెండు చక్రాలూ లేపారు. ఇద్దరు గుమాస్తాలు చెరో చక్రం పట్టుకుని కలిసి తిప్పారు. గొట్టం నాలుగు చుట్లు తిరిగింది. "నాలుగు" అని రాసుకున్నారు. వెనక్కొచ్చేసరికి భోజనాల వేళయింది. ఒక పక్క చక్రం మాత్రమే లేపి, అదొక్కటే తిప్పారు. రెండు చుట్లు తిరిగింది. "రెండు" అని రాసుకున్నారు.

దక్షిణామూర్తి గారి కళ్ళద్దాలు జారాయి. "ముందు నాలుగు. వెనక రెండు. ముందు దానికి వెనకది సగము!"

ఖాసిం మేస్త్రి గోడకానుకుని చూస్తున్నవాడు ముందుకొచ్చాడు. "సార్, వెనక మీరు ఒక చక్రమే లేపారు. రెండోది నేల మీదే ఆగి ఉంది. అలాంటప్పుడు సగమే తిరుగుద్ది. లేపినదాన్ని రెండు చుట్లు తిప్పండి, నాలుగొస్తది. గుండు చేసే పనే అది సార్, ఒకటి ఆగితే రెండోదానికివ్వడం."

"ఫారములో 'చక్రము ఒక చుట్టు' అని ఉన్నది. రెండో చుట్టుకు గడి లేదు."

"గడి లేకపోతే ఏటి సార్, చక్రం ఉంది కదా!"

"మేస్త్రీ, మీరు ప్రభుత్వ చుట్టుకు అడ్డు తగులుచున్నారు."

ఖాసిం మళ్ళీ గోడకానుకున్నాడు.

అయిదో రోజున నోటీసొచ్చింది. వరహాలు చదివింది. నేను పక్కనుంచి చదివాను.

"తనిఖీలో ముందు ఇరుసు, వెనక ఇరుసు భిన్న వేగములు కలవని తేలినందున అవి ఏక వాహనమునకు చెందినవి కాజాలవు. సదరు పికప్పు, ఒకదాని వెనుక ఒకటి ప్రయాణించుచున్న రెండు వాహనములుగా నిర్ధారించడమైనది. ముందు వాహనమునకు వెనక దీపములు లేవు. వెనక వాహనమునకు స్టీరింగు లేదు. రెండు వాహనముల మధ్య ఉండవలసిన కనీస దూరము పాటించబడలేదు. ముందు వాహనపు డ్రైవరు వివరములు లభ్యము. వెనక వాహనపు డ్రైవరు పేరు, లైసెన్సు సంఖ్య మూడు దినములలో తెలుపవలెను."

వరహాలు ముందు నవ్వింది. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. తర్వాత నవ్వడం మానేసింది. "నేను చెప్పలేదా అమ్మా? మేస్త్రి చెప్పలేదా?" అంది. అంతే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఆ నోటీసు చదివాక నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ వరహాలు ముందు బండి తోలుతోంది, సరే. వెనక బండిని ఎవరు తోలుతున్నట్టు? ఆ మలుపుల్లో? ఇలాంటి ఆలోచనలో ఉండగా ఫోను మోగింది. సంతృప్తి చెందితే ఒకటి. రెండు నొక్కాను.

మూడు దినాలయ్యాయి. వెనక బండి డ్రైవరు పేరు మేం ఇవ్వలేకపోయాం. బండిని పట్టుకుపోయారు. ఆఫీసు పెరట్లో రెండు ఇరుసులూ ఊడదీసి, ఇటుకల మీద పెట్టి, ఒకదానికి "వాహనము-1", రెండోదానికి "వాహనము-2" అని బోర్డులు తగిలించారు. నెల రోజుల్లో గుర్తింపు తేలకపోతే రెండు వాహనాలనీ తుక్కు కింద నలగ్గొట్టాలని రాశారు.

అప్పుడే కాఫీ పళ్ళు కోసే రోజులు. కోసిన పండు ఆ రోజే కిందకి దిగి తొక్క తియ్యించుకోవాలి, లేకపోతే పులిసిపోతుంది. పై ఊళ్ళ ఆడవాళ్ళు బస్తాలు తల మీద పెట్టుకుని దిగడం మొదలుపెట్టారు. దించుకున్నవాళ్ళు దించుకున్నారు, పులిసినవి పులిశాయి. "మన బండేదే వరాలూ?" అని దాన్నడిగేవాళ్ళు. అది నా కేసి చూసేది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. నేను ఫోనొచ్చినప్పుడల్లా రెండు నొక్కుతూనే ఉన్నాను మరి. రెండు నొక్కినప్పుడల్లా నా భయం ఒక మెట్టు పై ఆఫీసుకెళ్ళేది. పై ఆఫీసు ఒక ఉత్తర్వు కిందకి పంపేది. పాత బండ్లన్నిటికీ ఇరుసు గుర్తింపు తప్పనిసరి అన్నారు. అందరి బండ్లనీ మా బండిలాగే ముందు రెండు పక్కలా, వెనక ఒక పక్కే లేపి తిప్పారు కాబట్టి అందరివీ రెండేసి బండ్లయ్యాయి. మా మండలంలో బండ్ల సంఖ్య ఒక్క వారంలో రెట్టింపయిందని, అభివృద్ధి అని పేపర్లో వేశారు. తర్వాత ఎడ్లబండ్లకీ ఇరుసుంది కదా అన్నారు. ఎడ్లకి గీత ఎక్కడ గియ్యాలో తేలక మానేశారు. తర్వాత "ఇరుసు అనగా తిరుగు వస్తువును మోయు కడ్డీ" అని అర్థం రాసి పంపారు. దాంతో తిరగళ్ళూ, బావి గిలకలూ వచ్చి చేరాయి. ఆడవాళ్ళు తిరగళ్ళు నెత్తిన పెట్టుకుని ఆఫీసు ముందు వరస కట్టారు. ఆ వరసలో నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వాటిలో నాకు తెలియనివి రెండున్నాయి.

బండి నలగ్గొట్టడానికి ఇక నాలుగు రోజులుందనగా నేను ఆఫీసుకి పరిగెత్తాను. గది మారింది. తలుపు మీద "భయ పరిష్కార విభాగము" అని కొత్త బోర్డు. దక్షిణామూర్తి గారికి కొత్త కుర్చీ, తొమ్మిది మంది కొత్త సిబ్బంది.

"బాబూ, నా అర్జీ వెనక్కి తీసుకుంటాను."

"అమ్మా, భయము ఒకసారి దాఖలైన పిమ్మట అది ప్రభుత్వ ఆస్తి. వెనక్కి ఇవ్వబడదు."

"పోనీ ఈసారి ఫోనొస్తే ఒకటి నొక్కేస్తాను."

"ఇన్నిమార్లు రెండు నొక్కినవారు హఠాత్తుగా ఒకటి నొక్కినచో బలవంతపు సంతృప్తిగా అనుమానించవలసి ఉన్నది. విచారణ జరుపుదుము. తమకు భయము లేదని విచారణలో రుజువైన పక్షమున ఫైలు మూసి, వాహనములను కలిపి ఇచ్చెదము."

అని, తలుపు కేసి చూసి, గొంతు తగ్గించారు. అప్పుడు ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం మొదటిసారి విన్నాను. "నూకరత్నమ్మ గారూ, ఎందుకమ్మా ఇదంతా? మీరు కొంచెం భయపడుతూ ఉంటే ఇక్కడ తొమ్మిది మంది ఉద్యోగాలు నిలబడతాయి. మొదట్లో ఒకటి నొక్కమని మీ కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, నిజమే. ఇప్పుడు చెప్తున్నాను, రెండే నొక్కండి. మీకేమంత కష్టం? ఎలాగూ పడుతూనే ఉంటారు."

న్యాయమైన మాటే. పుట్టిన దగ్గర్నుంచీ ఊరికే పడుతున్న భయానికి విలువ కట్టిన మొదటి మనిషి ఆయనే. కానీ కిటికీలోంచి పెరట్లో ఇటుకల మీద నా కూతురి బతుకు రెండు ముక్కలై కనిపిస్తోంది.

"విచారణ పెట్టండి బాబూ" అన్నాను.

రెండో నాడు విచారణ. పొద్దున్నుంచీ వాన. కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నర్సమ్మ చేత చేతికి పట్టీ కట్టించి బీపీ చూయించారు.

"నూట డెబ్భై. ఇది భయము కాదా?"

"ఆవకాయ బాబూ."

రాసుకున్నారు. తర్వాత ఒక చాంతాడంత జాబితా తీశారు. నా భయం గురించి ఆ విభాగంలో నెల రోజులు పరిశోధన చేశారట.

"ఘాట్ రోడ్డులో బ్రేకులు పనిచేయకపోయినచో?"

నేను ఆ ఒక్క ప్రశ్న మీదే ఎన్ని ఉపవాసాలున్నానో ఆ దేవుడికి తెలుసు. "భయం లేదు."

"వానకు కొండచరియ జారినచో?"

"భయం లేదు."

"ఎలుగుబంటి ఎదురైనచో?"

ఎలుగుబంటి! ఇన్నేళ్ళలో ఎలుగుబంటి సంగతి నాకు తట్టనే లేదు! "భయం... లేదు బాబూ."

"ముందు గుండు పక్కకి ఉన్నది కదా?"

"దాని తయారే అంత."

గుమ్మంలో ఎవరో కదిలారు. వరహాలు. ఎప్పుడొచ్చిందో, తడిసి ముద్దయి నిలబడి ఉంది. అది రావడం దక్షిణామూర్తి గారు కూడా చూశారు. జాబితా పక్కన పెట్టారు.

"ఆఖరి ప్రశ్న. అమ్మా, తమ కుమార్తె ఈ వానలో పన్నెండు కిలోమీటర్లు ఎట్లు వచ్చినదో తమకు తెలియునా? కిటికీలోంచి నేను చూచితిని. మోటారుసైకిలు మీద. ముగ్గురిలో మూడవదిగా. హెల్మెట్టు లేదు. ఒడిలో ఒక కాఫీ బస్తా."

నేను గుమ్మం కేసి తిరిగాను. వరహాలు కళ్ళు దించుకుంది. "పళ్ళు పులిసిపోతాయమ్మా, మరేటి చెయ్యను" అని గొణిగింది. బండి ఉన్నన్నాళ్ళూ అది నాలుగు చక్రాల మీద, రేకు కప్పు కింద, సీట్లో కూర్చుని దిగేది. దాన్ని ఆ సీట్లోంచి లేపి, వానలో మూడో మనిషిగా వేలాడదీసింది ఎవరు? ఎలుగుబంటి కాదు.

"తమకు భయము వేయుచున్నదా?" అన్నారు దక్షిణామూర్తి గారు, కలం పట్టుకుని, ఎంతో ఆశగా.

"లేదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆఫీసు ముందు తిరగళ్ళతో నిలబడ్డవాళ్ళు కూడా విన్నారట.

"మరొకమారు..."

"లేదంటున్నాను కదా! రాసుకోండి. నూకరత్నానికి భయం లేదు. వయసు యాభై రెండు. చదువు ఏడు. భయం సున్నా. దాని బండి దానికిచ్చెయ్యండి, బేగి!"

గదిలో తొమ్మిది మంది సిబ్బంది నన్ను జాలిగా చూశారు. నా మీద జాలి కాదు, వాళ్ళ మీద వాళ్ళకి. దక్షిణామూర్తి గారు కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. తర్వాత రాశారు. ఆయన చేత రాయించింది నిజాయితీయో, నా అరుపో తెలీదు.

ఖాసిం మేస్త్రి పెరట్లోనే గొనె పరుచుకుని మధ్యాహ్నానికి రెండు ఇరుసులూ బిగించేశాడు. బండి కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "అక్కా, గుండు నడుమకి జరపమంటావేటి?" అన్నాడు. వరహాలు పక్కకి తిరిగి నవ్వింది. నెల రోజుల తర్వాత మొదటి నవ్వు.

ఆ విభాగం మూతపడుతుందని మీరు అనుకుంటారేమో. పడలేదు. భయం లేదని పత్రం పుచ్చుకున్నవాళ్ళకి నిజంగానే లేదా అని ఏడాదికోసారి తనిఖీ చెయ్యడానికి ఇంకో నలుగుర్ని వేశారు. ఆ పత్రం కలిగినది ఇప్పటికి రాష్ట్రంలో నేనొక్కదాన్నే. రెండు సంతకాలు, గుండ్రటి ముద్ర. "శ్రీమతి నూకరత్నము, భయరహితురాలు. ఇది తప్పని తేలినచో వాహనము తిరిగి రెండుగా పరిగణించబడును."

వరహాలు దాన్ని లామినేషన్ చేయించి స్టీరింగు పక్కన అంటించుకుంది.

నిన్న పొద్దున్న మళ్ళీ వాన. అది బండి తీసింది. నేను అరుగు మీద నిలబడి నోరు తెరిచాను. ఎలుగుబంటి దాకా వచ్చింది నోట్లోకి. అది అద్దం దించి, వేలితో ఆ పత్రం మీద టకటకా కొట్టింది. నేను నోరు మూసుకుని చెయ్యూపాను. చుట్టుపక్కల వాళ్ళంతా చూస్తున్నారు, వాళ్ళలో విభాగం వాళ్ళుండొచ్చు.

బండి మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను. తర్వాత లోపలికెళ్ళి, తలుపు గడియ పెట్టి, కిటికీ రెక్కలు కూడా దగ్గరకి వేసి, పీట వాల్చుకుని కూర్చుని, తీరుబడిగా భయపడ్డం మొదలుపెట్టాను.